చేపల పక్కన ఇరవై రెండు పెట్టెలు

1976 ఏప్రిల్ 19
సముద్రం ఒడ్డున ఒక రాజధాని నుంచి

తౌఫా అక్కకి,

సలాములు. నువ్వెలా ఉన్నావు, ఏ కీడూ లేదు కదా? సల్కా ఎలా ఉంది, ఏ కీడూ లేదు కదా? గుడారం, మేకలు, పక్క గుడారం, పక్క గుడారం మేకలు, ఏ కీడూ లేదు కదా? ఇక్కడా ఏ కీడూ లేదు. చూశావా, విదేశాంగ శాఖలో చేరినా మర్యాద మర్చిపోలేదు. మన జాతి గొప్పతనమే ఇది. గుడారం అంటుకుని మండుతున్నా, వచ్చినవాడితో పావుగంట సేపు 'ఏ కీడూ లేదు' అనే అంటాం. ఆ తర్వాతే నెమ్మదిగా, నీ దగ్గర ఒక తోలుసంచి నీళ్లుంటాయా అని అడుగుతాం.

ఊరి పేరు రాయను. ఉత్తరాలు దారిలో ఎవరెవరు విప్పుతారో తెలీదు. విప్పినవాడికి నా దస్తూరీయే తగిన శిక్ష.

విదేశాంగ శాఖ అంటే ఎంత పెద్దదో అనుకునేవు. ఒక తోలుపెట్టె. అందులో టైపు మిషను, రబ్బరు ముద్ర, మడతపెట్టిన జెండా, లార్బాస్ మామ టీ సామాను. సిబ్బంది ఇద్దరం. అమ్మ పిన్నమ్మ కొడుకని, నలభై ఏళ్లు ఒంటెలు నడిపాడని, ఏ నూతి దగ్గర ఎవరితో ఎలా మాట్లాడాలో తెలిసినవాడని మామని రాయబారిని చేశారు. లాస్ పాల్మాస్‌లో రెండేళ్లు న్యాయశాస్త్రం వెలగబెట్టానని నన్ను మూడో కార్యదర్శిని చేశారు. "మామా, ఒకటో కార్యదర్శి, రెండో కార్యదర్శి ఎక్కడ?" అని అడిగాను. "ఇంకా పుట్టాలిరా" అన్నాడు.

ఈ రోజుకి మన దేశం వయసు యాభై రెండు రోజులు. మన సల్కాకి పాలపళ్లు ఊడే వయసొస్తోంది. దేశానికి ఇంకా మొలవనే లేదు. స్పెయిన్ వాడు జెండా మడిచి చంకన పెట్టుకుని పోయాడు. ఉత్తరం నుంచి ఒకడు, దక్షిణం నుంచి ఒకడు వచ్చి మనల్ని రొట్టెలా తుంచుకున్నారు. మేమేమో మిగిలిన పొరుగువాళ్ల గుమ్మాల్లో నిలబడి, 'అయ్యా, మేము ఉన్నాం. ఉన్నారని మీరూ ఒక మాట అంటే బాగుంటుంది' అంటున్నాం. ఇదే దౌత్యం. దీనికి రెండేళ్ల చదువు ఎక్కువ.

ఇక అసలు సంగతి. చలిదేశంలో మన మేలు కోరేవాళ్లు తట్టు టీకాలు పంపారు. ఇరవై రెండు చెక్కపెట్టెలు. ఈ ఊరి రేవులో దిగాయి. మంచుగది ఒక్కటే ఉంది, అది చేపల వర్తకులది. కాబట్టి మన టీకాలు చేపల పక్కన పడుకున్నాయి. పెట్టెల మీద 'సహ్రావీ గణతంత్రానికి' అని అరచేయంత అక్షరాలు. రేవు అధికారి కళ్లజోడు సర్దుకుని, దేశాల పుస్తకం తీసి, వేలితో వెతికాడు.

"లేదే."

"అయ్యా, పుస్తకం ఎప్పటిది?"

"డెబ్బై రెండుది."

"మేం డెబ్బై ఆరులో పుట్టాం."

"అయితే కొత్త పుస్తకం వచ్చాక రండి."

"ఎప్పుడొస్తుంది?"

"మా ప్రభుత్వం మిమ్మల్ని ఒప్పుకున్నాక."

మంచివాడేలే. నాకు నిమ్మ సోడా ఇప్పించాడు. లేని దేశపు మనిషికి అది పెద్ద గౌరవమే. కాబట్టి మామా నేనూ ముందు ఈ ప్రభుత్వం చేత ఔననిపించాలి, అప్పుడు పెట్టెలు కదులుతాయి. ఎంతసేపు పడుతుంది, ఒక్క 'ఔను'కి?

సల్కా అడిగిన పలక గుర్తుంది. తాత నీకు అక్షరాలు దిద్దించిన చెక్కపలక లాంటిదే కావాలంది కదా. ఇక్కడ చెక్కకి కరువు లేదు. రాకుమారికి తగ్గది తెస్తానని చెప్పు.

మూడో కార్యదర్శి, విదేశాంగ శాఖ (టైపు మిషను విభాగం), అనగా నీ తమ్ముడు
సిదాతి


1976 మే 8
తిందూఫ్ దగ్గరి శిబిరం

ఒరేయ్ మూడో కార్యదర్శీ,

ఏ కీడూ లేదు. నువ్వు వెక్కిరించినా సరే, ముందు అదే రాస్తాను.

నీ ఉత్తరం తెచ్చిన డ్రైవరు రెండు గ్లాసుల టీ తాగి నిద్రపోయాడు. అందుకే నాకు తీరిగ్గా చదువుకునే వీలు దొరికింది. లేకపోతే ఇక్కడ ఉత్తరం అంటే ఒక మనిషిది కాదు. నలభై గుడారాలదీ. గుడారం అంటే నీ కళ్ల ముందు మేకవెంట్రుకల నల్లగుడారం మెదులుతుందేమో. అది మన ఊళ్లో, లాయూన్‌లోనే వదిలేశాం. ఇప్పుడు ఉన్నవి మేం ఒంటికి చుట్టుకునే మెల్‌ఫాలు కలిపి కుట్టినవి. నా పెళ్లినాటి నీలం మెల్‌ఫా ఇప్పుడు పైకప్పు. గాలి కొట్టినప్పుడల్లా నా పెళ్లి ఊగుతూ ఉంటుంది.

మా వరస ఆరోగ్యం సంగతి నా నెత్తిన పెట్టారు. వైద్యం వచ్చా అంటే రాదు. రాయటం వచ్చు, అది చాలన్నారు. సల్కా నాన్న సరిహద్దులో ఉన్నాడు. మార్చి నుంచి కబురు లేదు. ఇంటి కష్టాలు నీకు రాయను. ఒంటె మీద ఉన్నవాడికి కింది నుంచి ఏడుపు వినిపించకూడదు, పగ్గం జారుతుంది అనేది అమ్మ. ఇప్పుడు రాసేది కష్టం కాదు, పని. అందుకని రాస్తున్నా.

తూర్పు వరసల్లో తట్టు దిగింది. పట్నం ఆసుపత్రిలో సూదిమందు కొంచెమే ఉంది. వారానికి ఒక లారీ, మా వరసకి ఇద్దరు ముగ్గురు పిల్లల చోటు. జాబితా నేను రాసిందే. ఇరవై నాలుగు పేర్లు. సల్కాది పదిహేడోది. నా కూతురని ముందుకి జరపలేదు. పక్క గుడారం మన్నా ఒకటే సణుగుడు, "నువ్వు నీ పిల్లని జరుపుకోకపోతే నా వాణ్ణి జరపమని నేనెలా అడగను, సిగ్గులేనిదాన్నా?" అని. దాని కొడుకుది ఇరవయ్యోది.

కాబట్టి మీ మామా అల్లుళ్లిద్దరూ అక్కడ సోడాలు తాగటం తగ్గించి ఆ పెట్టెలు కదిలించండి.

సల్కా అంటోంది: పలక నున్నగా ఉండాలట, పట్టుకోవడానికి పైన పిడి ఉండాలట, దాని మీద ఇంకెవరూ రాయకూడదట. రాకుమారి అన్నావుగా, అనుభవించు.

అక్క


1976 మే 27

అక్కకి, నలభై గుడారాలకి, నలభై గుడారాల మేకలకి,

ఏ కీడూ లేదు సరే, అంతకు మించిన మేలే జరిగింది! ఈ ఉత్తరం గొంతెత్తి చదువు.

పద్దెనిమిది రోజులు మంత్రిగారి బయటి గదిలో కూర్చున్నాం. ఆ గదిలో ఈగలకి కూడా మేము తెలుసు. పంతొమ్మిదో రోజున పిలుపొచ్చింది. కచేరీకి కాదు, ఇంటికి! మంత్రి తల్లి మనలాంటి ఇసుక మనుషుల పిల్లేనట. తోటలో చాప పరిచారు. బొగ్గుల కుంపటి, చిన్న గ్లాసులు, నురగ, అన్నీ మన పద్ధతే. మామ మొహం చూడాలి. మూడు నెలల తర్వాత మొదటిసారి వీపు వంచి కూర్చున్నాడు.

మొదటి గ్లాసు తాగుతూ మామ మన కథంతా చెప్పాడు. రెండో గ్లాసుకి మంత్రి తల ఊపుతూ విన్నాడు. "మీ మాట న్యాయం" అన్నాడు. అప్పుడు మామ నోరు మూసుకున్నాడు. నేను ఏదో అనబోతే తొడమీద గిల్లాడు. ఇంకా నల్లగా ఉంది, కావాలంటే వచ్చి చూడు. మూడో గ్లాసు వస్తుందా రాదా? పోయకపోతే లేచి వెళ్లమని. పోస్తే అడిగింది ఇచ్చినట్టే. మంత్రి భార్య స్వయంగా వచ్చి మూడోది పోసింది అక్కా! నిండుగా!

మామ తాగాడు, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, లేచాడు. నేను చెవిలో, "మామా, కాగితం?" అన్నాను. ఎంత చూపు చూశాడో! బయటికొచ్చాక అన్నాడు: "మూడో గ్లాసు తర్వాత సాక్షిని అడిగినవాణ్ణి మీ తాత గుడారంలోంచి తోసేశాడు. నువ్వు ఆయన మనవడివేనా?" లాస్ పాల్మాస్‌లో ఈ న్యాయం నేర్పలేదు మరి.

మర్నాడు రేవుకి వెళ్లాం. కళ్లజోడాయన నన్ను పక్కకి పిలిచాడు. "బాబూ, నాకు ముగ్గురు పిల్లలు. దారి చెప్తా విను. ఈ ఫారం మీద గణతంత్రం అనకుండా 'శరణార్థుల సంఘం' అని రాసి సంతకం పెట్టు. శరణార్థులకి దేశాల పుస్తకం అక్కర్లేదు. రేపే విమానం ఎక్కిస్తా" అన్నాడు.

మామ తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ ఇది రాసిస్తే, రేపు ప్రతి మంత్రీ ఇదే కాగితం చూపించి, 'మీరే ఒప్పుకున్నారుగా, దేశం లేనివాళ్లమని' అంటాడు. ఒక్క వారంలో ఈ ఇంటివాడే ఔనంటుంటే, వాకిట్లో ముష్టి ఎత్తడం ఎందుకు?"

నేనూ ఆ మాటే అన్నాను. అనటం కాదు, రాశాను. నా జీవితంలో అంత గొప్ప కాగితం రాయలేదు. వినండి: 'శరణార్థి అనగా దేశం లేనివాడు. అయ్యా, మాకు దేశం ఉంది. దేశంలోనే మేం లేము. ఈ తేడా మీ ఫారంలో పట్టనందున దీన్ని సకల గౌరవాలతో తిప్పి పంపుతున్నాము.' కింద ముద్ర. టప్! రేవులో గుమాస్తాలు లేచి నిలబడ్డారు. ఒకడు చప్పట్లు కొట్టాడు కూడా. కళ్లజోడాయన మాత్రం ఫారం మడిచి సొరుగులో దాచాడు.

ఒక్క వారం అక్కా. ఎక్కువైతే పది రోజులు.

సకల గౌరవాలతో
మూడో కార్యదర్శి, మూడో గ్లాసు విభాగం


1976 జూన్ 14

సిదాతీ,

ఏ కీడూ లేదు.

నీ ఉత్తరం చదివాను, గొంతెత్తే చదివాను. 'దేశంలోనే మేం లేము' దగ్గర ముసలాళ్లు ఏడ్చారు. 'టప్' దగ్గర పిల్లలు నవ్వారు. మూడో గ్లాసు దగ్గర ఆడవాళ్లందరూ నాలుకలాడించి కేక పెట్టారు. పక్క శిబిరం వాళ్లు పెళ్లేమో అనుకుని తొంగిచూశారు. "తౌఫా, నీ తమ్ముడు చిన్నప్పుడు మేకల్ని పోగొట్టుకునేవాడు కదే, ఎప్పుడు మనిషయ్యాడు?" అంది మన్నా. గర్వంగా ఉందిరా. చెప్పకూడదు గానీ ఉంది.

మంచి పని చేశావు. మేమిక్కడ అడుక్కుతినటానికి నడిచి రాలేదు.

మొన్న లారీ వచ్చింది. ఈసారి పెద్దది. పట్నంలో మందు అయిపోయిందట. అవతలి ఊళ్లో ఉందట, రెండు రోజుల దారి. "జాబితాలో మిగిలినవాళ్లందరినీ ఒకేసారి తీసుకెళ్తా, ఎక్కించండి" అన్నాడు డ్రైవరు. మావాళ్లు ఇంకా పదకొండు మంది ఉన్నారు. పైన కప్పు లేని లారీ. జూన్ ఎండ. పిల్లలేమో పుల్లల్లా ఉన్నారు. తల్లులందరూ నా మొహం చూశారు. నేను నీ ఉత్తరం చూపించాను. ఇవాళో రేపో మందు మన గుమ్మంలోకే వస్తుంటే ఎండలో వీళ్లని చంపుకోవడం ఎందుకు అన్నాను. డ్రైవరు రెండుసార్లు అడిగాడు. లారీ ఖాళీగా పోయింది.

నీ వారం అయిపోయి వారం దాటింది. ఈపాటికి పెట్టెలు బయల్దేరే ఉంటాయి. దారిలో ఉన్న దాన్ని తొందరపెట్టకూడదు, అందుకని అడగటం లేదు.

సల్కా ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్లకీ నిలబడి తన పేరు, నాన్న పేరు, తాత పేరు గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. మేకకి కూడా చెప్పింది. పలక మీద మొదట అదే రాస్తుందట.

అక్క


1976 జూలై 6
ఒక ద్వీపం నుంచి

అక్కా,

ఏ కీడూ లేదు. అంటే, టీ మాత్రం కలిసి రాలేదు.

పొరుగు దేశాలన్నిటికీ ఇక్కడ పెద్ద సమావేశం. మామ తెల్లటి అంగీ దూరం నుంచే కనిపిస్తుంది. అది కనిపించగానే ప్రతినిధులు స్తంభాల వెనక్కి, మరుగుదొడ్లలోకి మాయం. నిన్న ఒకాయన అద్దం తలుపుకి గుద్దుకున్నాడు. "మా హృదయం మీ వైపే ఉంది" అంటారు ప్రతివాళ్లూ. నా దగ్గర ఇప్పుడు ముప్పై ఒక్క హృదయాలు పోగయ్యాయి. చేతులే ఒక్కటీ లేవవు.

టీ ఇచ్చిన ఆ మంత్రి కోసం వెళ్లినప్పుడల్లా 'ప్రయాణంలో' ఉన్నాడనేవాళ్లు, అయిదు వారాలు. ఇక్కడ లిఫ్టులో దొరికాడు. తలుపు మూసుకుంది. నాలుగు అంతస్తుల సేపు మావాడే. మామ గ్లాసు గుర్తు చేశాడు. మంత్రి నిజంగానే తెల్లబోయాడు అక్కా, నటన కాదు. "మూడో గ్లాసా? మా ఇంట్లో ఎవరొచ్చినా మూడు పోస్తారండీ. మొన్న ఎరువులు అమ్మేవాళ్లొస్తే వాళ్లకీ మూడు పోసింది. అది మా ఆవిడ అలవాటు" అన్నాడు.

తలుపు తెరుచుకోగానే మామ దిగిపోయాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చున్నాడు. "ఇంటి ఆవిడ ఏ ఊరిదో అడగాల్సిందిరా. నలభై ఏళ్లు తిరిగాను. ఎవరింట్లో ఏ గ్లాసు దేనికో అడగటం ఇన్నాళ్లకి మర్చిపోయాను" అన్నాడు.

"అయితే ఆ ఫారం మీద సంతకం పెట్టేస్తాను మామా" అన్నాను. "సమావేశం తీర్మానం వచ్చేదాకా ఆగు. ఇప్పుడు పెడితే ఈ ముప్పై ఒక్క మందీ దాన్నే ఊపుతారు" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఆగుతున్నాం.

కానీ అక్కా, ఒక మాట తమాషాగా కాకుండా చెప్తున్నా. నీ జూన్ ఉత్తరం ఇప్పుడే అందింది. మా పెట్టెల్ని నమ్ముకోకు. ఈసారి ఏ లారీ వచ్చినా, ఎంత ఎండైనా, పదకొండు మందినీ ఎక్కించు. సల్కాని ముందు ఎక్కించు.

పలక ఎంత వెడల్పు ఉండాలో దాని చెయ్యి కొలిచి రాయి.

సిదాతి


1976 జూలై 16

సిదాతీ,

ఏ కీడూ లేదు.

నీ ఉత్తరం నిన్న చేరింది. లారీ ఈమధ్య రావటం లేదు.

పలక కొలత అడిగావు. కొలత అక్కర్లేదు. తెచ్చి ఉంటే నీ దగ్గరే ఉంచు. సల్కా నిన్నేమీ అడగలేదు. ఇప్పుడు దేనికీ పేచీ పెట్టటం లేదు.

నువ్వు మాత్రం వట్టి చేతుల్తో రాకు. ఇక్కడ నీ మాట మీద ఆగినవాళ్లున్నారు. దేనికోసం ఆగారో వాళ్లకి చెప్పాల్సింది నువ్వే.

గాలి ఎక్కువగా ఉంది. ఇక రాయలేను.

అక్క


1976 ఆగస్టు 18

అక్కకి, అలకపాన్పు ఎక్కిన రాకుమారి సల్కాకి,

ఏ కీడూ లేదు! ఈసారి నిజంగానే లేదు!

ముందు రాకుమారి సంగతి. పేచీ పెట్టటం లేదా? అంటే అలిగిందన్నమాట. పలక ఆలస్యమైందని మేనమామతో మాటలు మానేసిందా? నాకు తెలుసు దాని వేషాలు. పలక కొనేశాను. పిడి ఉంది. చూసుకుంటే మొహం కనిపించేంత నున్నగా ఉంది. ముందు దాని పేరు, నాన్న పేరు, తాత పేరు రాయిస్తా, చివర్లో చిన్న అక్షరాల్లో నా పేరు.

ఇక రాజ్య వ్యవహారాలు. ద్వీపంలో తీర్మానం మంచుగదిలోకి పోయింది, మన పెట్టెల లాగే. మామ మళ్లీ బయటి గదిలో ఈగల దగ్గర కూర్చున్నాడు. నేను నిన్న ఆయనకి చెప్పకుండా ఒక్కణ్ణే రేవుకి వెళ్లాను. సిగ్గు మింగేశాను. "ఆ ఫారం ఇవ్వండి. శరణార్థులం అని రాస్తాను. ఇంకేమన్నా కూడా రాస్తాను, చేపలం అని రాయమన్నా రాస్తాను" అన్నాను.

కళ్లజోడాయన సొరుగు తీశాడు. ఫారం తీయలేదు. దేశాల పుస్తకం తీశాడు. నూట పన్నెండో పేజీలో, రెండు అచ్చు వరసల మధ్య, ఆకుపచ్చ సిరాతో చేత్తో రాసి ఉంది మన పేరు. "మొన్న సాయంత్రం మంత్రివర్గం ఒప్పుకుంది. మీకింకా చెప్పలేదా?" అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నారో తెలుసా? న్యాయం కోసం కాదు, మూడో గ్లాసు కోసమూ కాదు. పక్క దేశంతో చేపల వేట దగ్గర గొడవొచ్చి, వాళ్లకి ఒళ్లు మండేలా ఏదన్నా చేయాలని మనల్ని ఒప్పుకున్నారట! మామకి చెప్తే రబ్బరు ముద్ర పట్టుకుని ముసలాడు ఏడ్చాడు. తల వంచుకుందామని ఒక్కరోజు వెళ్తే, ఆ రోజే వంచుకోనివ్వలేదు అక్కా!

గురువారం విమానం. ఇరవై రెండు పెట్టెలూ, పేరు మార్చకుండా. మామ వాటితోనే వస్తున్నాడు. కబురు మోసే పని నాకు ఇవాళ్టితో అయిపోయింది. ఒంటె దిగేశాను. కేకలు పెట్టించు, నాకు ఇక్కడికి వినిపించాలి.

మూడో కార్యదర్శి, 112వ పేజీ


1976 సెప్టెంబరు 20

సిదాతీ,

ప్రతి ఉత్తరం మొదట్లో రాసే మాట ఈసారి రాయటం లేదు. ఒంటె దిగానన్నావు కాబట్టి చెప్తున్నా. ఎక్కడన్నా కూర్చుని చదువు.

సల్కా జూలై పన్నెండున పోయింది. తట్టు. అయిదు రోజులుంది. నీళ్లు అడిగింది. నువ్వు లారీ ఎక్కించమని రాసిన ఉత్తరం చేరేటప్పటికి పోయి మూడు రోజులు. నీకు జవాబు రాసింది నాలుగో రోజు. మన్నా కొడుకు అంతకు వారం ముందు. పదకొండు మందిలో నలుగురు. ఎండలో అంత దూరం పోతే ఇంకా ఎక్కువమంది పోయేవాళ్లేమో. తక్కువమంది పోయేవాళ్లేమో. ఆ లెక్క రోజూ వేస్తాను, రోజుకో రకంగా వస్తుంది.

నీ ఆగస్టు ఉత్తరం గొంతెత్తి చదవలేదు. కేకలు పెట్టించమన్నావు. నాలో నేను చదువుకుని, దేశం ఒప్పుకుంది అని మాత్రం చెప్పాను. కేకలు పెట్టారు. మన్నా కూడా పెట్టింది. నేనూ పెట్టాను.

పెట్టెలు వచ్చాయి. డాక్టరు ఒక్కొక్క సీసా పైకెత్తి చూశాడు. ఒక్కటి కూడా పాడవలేదట. చేపలు బాగా కాపాడాయి. మా వరసలో ఉన్నవాళ్లందరికీ వేశారు.

లార్బాస్ మామ నా గుడారానికి వచ్చాడు. ఎవరు చెప్పారో, తెలుసుకునే వచ్చాడు. టీ పెట్టాను. ఒకటి తాగాడు. రెండు తాగాడు. మూడోది పోశాను. గ్లాసు అలా పట్టుకుని కూర్చున్నాడు. చల్లారిపోయింది. ఇసుకలో పెట్టి, లేచి వెళ్లాడు. వెళ్తుంటే, నీకు చెప్పొద్దని అన్నాను. నేనే చెప్పాలి.

గుడారం గుడారం తిరిగి అడిగాను. మే నెలలో సిదాతి ఆ ఫారం మీద సంతకం పెట్టాల్సిందా, చెప్పండి అని. మన్నా ఏమందో తెలుసా? "శరణార్థులమని మనమే రాసిచ్చాక ఇంక ఏం మిగిలేది తౌఫా" అంది. మన్నా! నలభై గుడారాల్లో ఒక్కరు కూడా పెట్టాల్సింది అనలేదు. ఒక్కరు అంటే బాగుండును. పోట్లాడేదాన్ని. జుట్టు పట్టుకునేదాన్ని.

పెట్టెల చెక్క మంచిది. టీ కుంపట్లోకి పోనివ్వలేదు. చదువు చెప్పే ముసలాయన పలకలు కోయించాడు, మా వరసలో పిల్లలకి లెక్కగా. లెక్కకి నా జాబితా తీసుకెళ్లాడు. ఆ జాబితా మేలో రాసింది. కొట్టేయాల్సిన పేర్లు నేను కొట్టేయలేదు. ఇరవై నాలుగు కోశారు. నాలుగు మిగిలాయి. ముందు వైపు అక్షరాలు దిద్దుతున్నారు. వెనకవైపు మన దేశం పేరు ముక్కలు ముక్కలుగా ఉంది, ఒక్కో పిల్ల చేతిలో ఒక్కో ముక్క.

నీ పలక తేవద్దు. ఇక్కడ ఎక్కువయ్యాయి.

తౌఫా


1976 అక్టోబరు 11

అక్కా,

మొదట్లో ఏం రాయాలో తెలీలేదు. మూడు కాగితాలు పాడుచేశాను.

నా ఆగస్టు ఉత్తరం కుంపట్లో పెట్టు. సల్కాని అలకపాన్పు ఎక్కిందని రాశాను.

ఒక్కరు అంటే బాగుండును అన్నావు. నేనంటున్నాను. పెట్టాల్సింది. మే ఇరవై ఆరున, ఆయన ఫారం చేతిలో పెట్టినప్పుడు, పెట్టాల్సింది. ఇది మామ తప్పు కాదు, లారీ తిప్పి పంపిన నీ తప్పు కాదు. నువ్వు నమ్మిన వారం నేను రాసింది. ఇప్పుడు పోట్లాడు. ఎంత పెద్ద ఉత్తరమైనా సరే, రాయి. జవాబివ్వను.

ఇంకో దేశానికి మార్చారు నన్ను. వీళ్ల పుస్తకంలోనూ మన పేరు లేదు. నిన్న ఇక్కడి రేవులో మనకోసం పాలపొడి దిగింది. అదే పేచీ, అదే ఫారం. మామ పక్కనే ఉన్నాడు. ఈసారి తల అడ్డంగా ఊపలేదు, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. 'శరణార్థుల సంఘం' అని గుండ్రంగా రాసి సంతకం పెట్టాను. అక్కడెవరూ లేచి నిలబడలేదు. ఈ కాగితం రేపు ఏ మంత్రి చేతిలో ఊగుతుందో నాకు తెలుసు. ఊగనీ. పాలపొడి శుక్రవారం బయల్దేరుతుంది. మన్నాకి చెప్పు. ఉమ్మేస్తే ఉమ్మేయనీ.

సంతకానికి ఎంతసేపు పడుతుందో ఈసారి చూసుకున్నాను. సల్కా నిలబడి తన పేరు, నాన్న పేరు, తాత పేరు చెప్పేదని రాశావు కదా. మనసులో దాని గొంతుతోనే అనుకుంటూ రాశాను.

తాత పేరు దాకా కూడా పట్టలేదు అక్కా.

నీ తమ్ముడు
సిదాతి